పట్టు నేర్చుకున్న వేసవి

ఆ వేసవి దాకా మా ఆయన పనిచేసే చోటు లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఊరి చివర గోల్ఫ్ మైదానంలో ఆయన కోచ్. నేను సిటీ బస్సు డ్రైవర్ని. నా రూటు ఆ మైదానం గేటు ముందు నుంచే. రోజూ ఆ గోడ పక్కన బస్సు ఆపి, జనాన్ని ఎక్కించుకుని, గేరు మార్చి వెళ్ళిపోయేదాన్ని. గోడకి అవతల ఆయన, ఇవతల నేను. ఆయన ఇంటికొచ్చేసరికి నేను నిద్రలో ఉండేదాన్ని, నేను డ్యూటీకి లేచేసరికి ఆయన నిద్రలో ఉండేవాడు. మధ్యలో మా అత్తయ్య. ఎవరికి తలనొప్పో, ఎవరు సరిగ్గా తినలేదో, ఏ కుళాయి కారుతోందో ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ ఆవిడే మోసేది. "మీరిద్దరూ కాపురం చేస్తున్నారా, వంతులేసుకుని కాపలా కాస్తున్నారా" అని దెప్పేది కూడా. మా మధ్య గొడవలేం లేవు. గొడవపడాలన్నా ఇద్దరూ ఒకేసారి మెలకువగా ఉండాలి కదా.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, నా సెలవునాడు, ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"డ్రైవరమ్మా, గోల్ఫ్ నేర్పిస్తాను, వస్తావా?"

హాస్యమనుకుని నేను గిన్నెలు తోముకుంటూనే ఉన్నాను. జవాబు అత్తయ్య చెప్పింది. బంతిని కన్నంలో వెయ్యడానికి అంత దూరం నుంచి కొట్టడమెందుకు, చేత్తో పట్టుకెళ్ళి వేసొస్తే పోలా అంది. ఆ మాట ఆవిడ కొడుకు ఆ ఉద్యోగంలో చేరిన నాటినుంచీ అంటూనే ఉంది. ఆయన ఎప్పటిలాగే నవ్వి, తర్వాత అసలు సంగతి చెప్పాడు. మణికట్టు బెణికిందట. కొన్నాళ్ళు కర్ర పట్టుకోవద్దన్నారట. నేర్చుకునేవాళ్ళకి మాటలతో చెప్తే అర్థం కాదు, చేసి చూపించే చేతులు కావాలి.

"ఎవరినైనా పిలిస్తే వాళ్ళు నా కుర్చీలో కూర్చుంటారు. నువ్వైతే కూర్చోవు" అన్నాడు.

నేను మధ్యాహ్నానికే ముగిసే షిఫ్టుకి మార్పించుకున్నాను. డిపోలో ఆ సంగతి తెలిసి అందరూ ఒకటే ఆటపట్టించడం. అక్క ఇక స్టీరింగు ముట్టుకోదు, టోపీ పెట్టుకుని గడ్డిలో తిరుగుతుంది అన్నారు. అననిచ్చాను. మధ్యాహ్నం బస్సు అప్పగించి, గోడ దాటి, మొదటిసారి ఆ గేటులోంచి లోపలికి నడిచాను.

కళ్ళు చెదిరేంత పచ్చ. ఒక పక్కగా రేకుల షెడ్డు, దాని కింద వరసగా పరిచిన పచ్చ చాపలు, ఎదురుగా దూరదూరంగా పాతిన జెండాలు. నేర్చుకునేవాళ్ళంతా ఆ చాపల మీద నిలబడి బంతులు కొడతారు. ఎవరూ లేని చివరి చాప దగ్గరికి తీసుకెళ్ళి ఆయన సంచీలోంచి ఒకటి తీసి నాకిచ్చాడు.

"దీన్ని కర్ర అనకూడదు. క్లబ్ అనాలి."

"కర్రే కదా."

"సరే, నీకు కర్రే. పట్టుకో."

పట్టుకున్నాను. అంత పొడుగు బస్సుని ఇరుకు మలుపుల్లో తిప్పి తిప్పి గట్టిపడిన చేతులు నావి. ఒకటి పట్టుకుంటే వదలవు. ఆయన కాసేపు చూసి, "దాని గొంతు పిసుకుతున్నావు. పాపం అదేం చేసింది నిన్ను?" అన్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్క వేలే తీసి మళ్ళీ పెట్టాడు. కర్ర అరచేతిలో పడకూడదట, వేళ్ళ మొదట్లో పడాలట. ఎడమచేతిలో చివరి మూడు వేళ్ళదే పట్టంతా. మిగిలినవి ఊరికే తోడుంటాయి. కుడిచేతి చిటికెన వేలు వచ్చి ఎడమ చూపుడువేలి మీద ఎక్కి కూర్చుంటుంది. ఎక్కడా బిగించకూడదు, జారనివ్వనూ కూడదు. అదెలా కుదురుతుందో నాకర్థం కాలేదు. బిగిస్తే బిగించావంటాడు, వదిలితే జారిపోతోందంటాడు.

"రెండు చేతులనుకోకు. ఒకటే చెయ్యి అనుకో. ఒకటి లాగుతుంటే ఇంకోటి అడ్డుపడకూడదు" అన్నాడు.

"మన కాపురంలాగానా?"

"మన కాపురంలో లాగడానికి ఎవరున్నారే, ఒకరు పడుకుంటే గాని ఇంకోరు లేవరు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నా వెనక నిలబడి, రెండు చేతులూ నా చుట్టూ తిప్పి, నా వేళ్ళు సర్దుతున్నాడు. నడివయసులో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా మా ఆయన నా చేతులు పట్టుకుంటే నాకు సిగ్గేసింది. సంతోషమూ వేసింది. అంత ఎండలోనూ ఆయన వేళ్ళు చల్లగా తగిలాయి. ఒక వేలు జరపడానికి ఎంతో సేపు పట్టేది. అది నా మీద ఓపిక అనుకున్నాను.

ఆ పట్టు ఒంటబట్టడానికి చాలా రోజులే పట్టింది. ఒకటి కుదిరితే ఇంకోటి చెదిరేది. కానీ కుదిరాక, ఒక సాయంత్రం నేను కొట్టిన బంతి గాల్లోకి లేచి, తిన్నగా వెళ్ళి దగ్గరి జెండా పక్కన పడింది. చేతుల్లో ఏమీ తగిలినట్టే లేదు. ఎవరో కొట్టిన బంతిని నేను చూస్తున్నట్టు ఉంది. ఆయన ఇంకో బంతిని కాలితో చాప మీదికి దొర్లించాడు. అప్పటికే ఆయన వంగి చేత్తో బంతి తియ్యడం మానేశాడని నేను గమనించలేదు.

పాఠాలు మొదలయ్యాయి. ఆయన జేబుల్లో చేతులు పెట్టుకుని వెనక నిలబడేవాడు. మాట ఆయనది, చెయ్యి నాది. అందరిలోకీ నాకు బాగా గుర్తున్నది పళ్ళ డాక్టరమ్మ. రోజంతా సన్నసన్నటి పనిముట్లతో పనిచేసే మనిషి కదా, ఆ కర్రనీ రెండు వేళ్ళ మధ్య అలాగే పట్టుకునేది. ఆవిడ ఊపితే ఒక్కోసారి బంతి ఉన్నచోటే ఉండి కర్ర ఎగిరి వెళ్ళేది. పక్క చాపలవాళ్ళు ఆవిడ వచ్చిందంటే నాలుగడుగులు వెనక్కి జరిగేవాళ్ళు. "డాక్టరుగారి ఎడమచెయ్యి కాస్త లోపలికి తిప్పు. ఇంకొంచెం. చాలు" అని ఆయన అనేవాడు. నేను తిప్పేదాన్ని. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో తీరు. ఆయన ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పేవాడు. ఆవిడ కొట్టిన మొదటి మంచి బంతికి ఆవిడకంటే నేనే ఎక్కువ మురిసిపోయాను. ఇంటికి వస్తూ దాని గురించే మాట్లాడుకున్నాం. దారిపొడుగునా మాట్లాడుకోవడానికి మాకు ఒక సంగతి దొరకడం ఎన్నాళ్ళకో.

ఆ రోజుల్లో నేను నిజంగా సుఖంగా ఉన్నాను.

ఇంట్లో మాత్రం అత్తయ్య మాటలు తగ్గించింది. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతుంటే చూసేది. తాళం చెవి తిప్పలేక తలుపు దగ్గర తచ్చాడుతుంటే, చూడనట్టు వచ్చి, తనే తీసి, ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళేది. ఒకరోజు పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతూ వెనక్కి తిరిగి చూస్తే, హాల్లో ఆయన గడ్డం పైకెత్తి నిలబడి ఉన్నాడు, ఆవిడ చొక్కా గుండీలు పెడుతోంది. ఆవిడ చివరి గుండీ పెట్టి, కాలరు సర్ది, భుజం మీద రెండుసార్లు తట్టింది, బడికి పంపేటప్పుడు తట్టినట్టు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగాను. బెణుకు తగ్గడానికి ఇన్నాళ్ళా అని ఆ పూట మొదటిసారి అనుకున్నాను. అనుకుని, బస్సెక్కి, ఆ ఆలోచనని డిపోలోనే వదిలేశాను.

నాకు చెప్పింది పళ్ళ డాక్టరమ్మ. చెప్పాలని చెప్పలేదు. పాఠం అయ్యాక షెడ్డు వెనక కుళాయి దగ్గర ఇద్దరం మొహాలు కడుక్కుంటున్నాం. ఆవిడ తువ్వాలు మొహానికి అద్దుకుంటూ మెల్లిగా అంది.

"రెండో డాక్టరు కూడా అదే అన్నారటగా. మీరు ఇంత నిబ్బరంగా ఎలా ఉంటున్నారో నాకు తెలియడం లేదు."

నేను కుళాయి కట్టేశాను. ఆవిడ నా మొహం చూసింది. తువ్వాలు చేతిలోంచి జారిపోయింది.

ఇక దాచడానికి లేక మొత్తం చెప్పింది. చలికాలంలోనే ఆవిడ గమనించిందట. తన వేళ్ళు సర్దుతుంటే ఆయన చేతిలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ కరిగి గుంట పడి ఉందట. తనకి తెలిసిన నరాల డాక్టరు దగ్గరికి తనే పంపిందట. కండరాల్ని నడిపే నరాలు ఒకటొకటే ఆరిపోయే జబ్బు. చేతులతో మొదలవుతుంది, అక్కడ ఆగదు. దానికి మందు లేదు. బెణుకు అనేది అసలు లేనే లేదు.

ఆ సాయంత్రం ఇంటికి బస్సులోనే వెళ్ళాం, వెనక సీట్లో పక్కపక్కన. నడుపుతున్నది మా డిపో అతనే. రెండు స్టాపులు దాటాయి.

"ఎక్కడిదాకా వెళ్తుందన్నారు?" అని అడిగాను.

ఆయన ఎవరు చెప్పారని అడగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకున్నాడు. "అంతటికీ. కాళ్ళు, మాట, మింగడం. చివర్లో ఊపిరి" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

కిటికీలోంచి బయటికి చూశాడు.

"డాక్టరుకి తెలిస్తే అది ఆసుపత్రిలో ఉంటుంది. నీకు తెలిస్తే ఇంట్లోకి వచ్చేస్తుంది. కొన్నాళ్ళు బయటే ఉండనిద్దామనుకున్నాను."

మా స్టాపు వచ్చింది. ఇద్దరం లేవలేదు. డ్రైవరు అద్దంలోంచి చూసి, ఏం అక్కా, డ్యూటీ దిగాక కూడా రూటు వదలవా, చివరిదాకా వస్తావా అని అరిచాడు. చివరిదాకా వస్తామన్నాను. జనమంతా దిగిపోయాక, ఖాళీ బస్సులో, చివరి స్టాపు దాకా అలాగే కూర్చున్నాం. నేను ఆయన చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ గుంట వేలికి తగిలింది. ఇన్నాళ్ళూ ఆ చెయ్యే కదా నా చెయ్యి సర్దింది, నాకెలా తెలియలేదు అనుకున్నాను. నాకు ఏడుపు కూడా రాలేదు.

అత్తయ్యకి చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. రెండు రోజుల తర్వాత బట్టలు ఆరేస్తుంటే ఆవిడే వచ్చి తాడుకి అవతలి పక్క నిలబడింది. మధ్యలో ఆయన చొక్కా వేలాడుతోంది.

"వాడిది తగ్గేది కాదు కదా" అంది.

నేను ఇంకో క్లిప్పు పెట్టాను.

"చెప్పకులే. నువ్వు చెప్పలేదనే అంటాను వాడితో." చొక్కా చేతులు సాపు చేసింది. "గుండీలు పెట్టడం నాకు కొత్తేం కాదమ్మాయ్. మళ్ళీ పెట్టాల్సి వస్తుందనుకోలేదు, అంతే."

ఇక మైదానానికి రానన్నాను నేను. ఈ కర్రలూ బంతులూ ఇప్పుడెందుకు, ఇంటిపట్టున ఉండండి, ఉన్న డాక్టర్లందరి దగ్గరికీ తిరుగుదాం అన్నాను. ఆయన వినలేదు. సీజను అయిపోయేదాకా పాఠాలు చెప్తానన్నాడు. మైదానం సెక్రటరీకి అప్పటికి సంగతి తెలిసిపోయింది. అతను మంచివాడే. నేర్చుకునేవాళ్ళు వద్దనేదాకా రండి అన్నాడు. ఎవరూ వద్దనలేదు. పళ్ళ డాక్టరమ్మ వారానికి ఒకటి ఎక్కువ పాఠం పెట్టించుకుంది. ఆవిడకి ఆ ఆట అంత ఇష్టమేం కాదని నాకు అప్పటికే తెలుసు.

అందరూ వెళ్ళాక చివరి చాప మీద నా పాఠం. అదొక్కటీ ఆయన ఒక్కరోజు కూడా మానలేదు.

"ఎందుకు నాకిది?" అని ఒకసారి విసుక్కున్నాను. ఆ పూట బంతి ఎటు కొడితే అటే పోతోంది.

"నా దగ్గర నీకిచ్చేది ఇంకేముందే" అన్నాడు. బాధగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అన్నాడు.

వానలకి ముందు ఉక్కగా ఉన్న ఒక సాయంత్రం, నా కుడి చిటికెన వేలు జారి కిందికి దిగింది. ఆయన వెనక నుంచి వచ్చి తన చెయ్యి నా చేతి మీద పెట్టాడు. వేలు పైకి జరుపుతాడని నేను ఎదురుచూశాను. చెయ్యి నా చేతి మీద ఉంది. బరువు తెలుస్తోంది. ఊపిరి నా మెడకి తగులుతోంది. నా వేలు మాత్రం కదల్లేదు. దూరంగా గడ్డి కోసే బండి ఆ చివరికి వెళ్ళి, తిరిగి ఈ చివరికి వచ్చింది.

"బాగానే ఉంది. కొట్టు" అన్నాడు.

చెయ్యి తీశాడు. దాన్ని జేబులో పెట్టుకోవడానికి రెండో చెయ్యి సాయం చెయ్యాల్సి వచ్చింది. నేను బంతికేసే చూస్తున్నాను. చిటికెన వేలు నేనే పైకి జరుపుకుని కొట్టాను. ఆ బంతి ఎటు పోయిందో ఇద్దరం చూడలేదు.

ఆ మర్నాటినుంచి ఆయన మడతకుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఎడమచెయ్యి ఇలా వాలాలి, వేలు ఇక్కడ ఆనాలి, ఆ కండ కింద కర్ర ఇలా తగలాలి. అలా చెప్తున్నప్పుడు ఆయన మొహం ఎంతో తేటగా ఉండేది. నేను ఆ మాటకి తగ్గట్టు పెట్టుకుంటూ వచ్చాను. కళ్ళు తెరిచి చూసి, అదీ అనేవాడు. కొన్నిరోజులకి, చీకట్లో అయినా, మాట్లాడుతూ అయినా, కర్ర చేతికొస్తే చాలు వేళ్ళన్నీ వాటి చోటికి అవే వెళ్ళిపోయేవి.

మొదటి గట్టి వానకి మైదానం మూసేశారు. ఆయన ఆ తర్వాత అక్కడికి వెళ్ళలేదు. వానలు ఆగేలోపే కాళ్ళు కూడా తేలిపోయాయి. మాట ముద్దగా రావడం మొదలైంది. మళ్ళీ వేసవి ఆయన చూడలేదు. దాని గురించి నేను చెప్పలేను, చెప్పినా నాలుగు గోడల మధ్య మాటలే.

ఆయన ఇంకా ఉండగానే, వానలు వెలిసి మైదానం మళ్ళీ తెరిచే ముందు, ఆయన అలమర ఖాళీ చెయ్యమని సెక్రటరీ కబురు పెడితే నేనే వెళ్ళాను. రెండు టోపీలు, ఒక జత బూట్లు, అరిగిన గ్లవ్‌లు. అక్కడ కొత్త కోచ్ ఉన్నాడు. ముప్పై దాటి ఉండవు. ఒకప్పుడు మా ఆయన దగ్గరే నేర్చుకున్నాడట. నన్ను చూడగానే లేచి నిలబడి, సార్ ఎలా ఉన్నారని అడిగి, సమాధానం వినలేక కిందికి చూశాడు. ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, మీరూ ఆడతారటగా అమ్మా అన్నాడు.

"ఆడటం రాదు. పట్టుకోవడం వచ్చు."

మూలనున్న కర్ర ఒకటి అందించాడు. అందుకున్నాను. అతను మామూలుగా, వృత్తి అలవాటుకొద్దీ, నా ఎడమ బొటనవేలిని సరిచెయ్యడానికి చెయ్యి చాపాడు. మధ్యలో ఆగిపోయాడు. వంగి దగ్గరగా చూశాడు.

"ఇది సార్ పట్టు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతను నెమ్మదిగా చెప్పాడు. బొటనవేలు కర్ర నడిమికి కాస్త కుడిగా నిలవాలట. అందరికీ సార్ అలాగే నేర్పేవారట. సార్‌కి మాత్రం చిన్నప్పుడు ఆ వేలు విరిగి వంకరగా అతుక్కోవడంతో అది ఎడమకి వాలేదట. "మాలో ఎవరైనా ఆయన్ని చూసి అలా పడితే ఊరుకునేవారు కాదమ్మా. అది నా అవకరం, దాన్ని మీరు నేర్చుకోకండి అనేవారు. మీ చేతిలో అచ్చం అదే ఉంది."

ఆయన వేలు వంకరని నాకు తెలియకపోవడమేం, ఇన్నేళ్ళ కాపురంలో. దాని వాలు నా చేతికి వచ్చిందని తెలియదు. కళ్ళు మూసుకుని ఆయన నాకు చెప్పిందంతా పాఠం కాదు, తన చేతులు ఎలా ఉండేవో అది. నేను కర్రని జాగ్రత్తగా గోడకి ఆనించి, సంచీ తీసుకుని బయటికి వచ్చాను. గేటు దాటాక గోడ పట్టుకుని నిలబడిపోయాను. నా రూటు బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు నన్ను చూసి హారన్ కొట్టి, కాసేపు ఆగి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఆయనకి తినిపిస్తోంది. చేతిలోంచి గిన్నె తీసుకుని నేను కూర్చున్నాను. ఆవిడ లేచి అవతలి గదిలోకి వెళ్ళింది. మైదానంలో జరిగింది ఆయనకి చెప్పాను. కొత్త కోచ్ తన శిష్యుడేనని చెప్తే ఆయన కళ్ళు నవ్వాయి. వేలి సంగతి చెప్తే నవ్వు ఆగిపోయింది. చాలాసేపు నా ఎడమచేతికేసి చూశాడు. అప్పుడే తెలుస్తున్నట్టుంది ఆయనకి కూడా.

పెదాలు కూడదీసుకున్నాడు. ఒక్కో మాటకి ఎంత శ్రమో.

"మార్చుకో. అది... తప్పు."

"చల్లారిపోతోంది, నోరు తెరవండి" అన్నాను.

తెరిచాడు.